గుర్రం జాతి తేల్చుకోవడం ఎలా: కాగితం, ఒళ్లు, వెంట్రుక

నాందేడ్ జిల్లా మాలేగావ్ జాతరలో గానీ, సారంగ్‌ఖేడాలో గానీ గుర్రాల బేరం జరిగే చోట రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి ‘అసలైన మార్వాడీ’, రెండోది ‘పెద్ద లైన్’, అంటే గొప్ప వంశం. చెవుల కొనలు ఒకదాన్నొకటి తాకితే చాలు, మొదటి మాట నమ్మేస్తారు. పేరున్న స్టాలియన్ (పిల్లల కోసం ఉంచే మగ గుర్రం) ఫొటో ఒకటి ఫోన్‌లో చూపిస్తే రెండోదీ నమ్మేస్తారు. నిజానికి జాతి అంటే ఆ గుర్రం తల్లి ఎవరు, తండ్రి ఎవరు అన్న ప్రశ్నకు జవాబు. ఆరా కూడా ఆ వరసలోనే సాగాలి: ముందు కాగితం, ఆ కాగితం ఈ గుర్రానిదేనా అన్నది తర్వాత, ఆపైన రూపం, అప్పటికీ అనుమానం తీరకపోతే వెంట్రుక. రూపంతో మొదలుపెట్టినవాళ్లే ఎక్కువగా మోసపోతారు.

ముందు చుట్టరికాలు

ఎవరు ఎవరికి బంధువో తెలియకుండా కాగితం చదివినా లాభం లేదు. అరేబియన్ అయినా, మణిపురి తట్టువ (పొట్టి గుర్రం) అయినా, ఫ్రాన్స్‌లో బరువు బళ్లు లాగిన పెర్షెరాన్ అయినా, నేటి పెంపుడు గుర్రాలన్నిటి మూలం ఒక్కటే. పాత ఎముకల్లోంచి తీసిన డీఎన్ఏ ప్రకారం, ఓల్గా, డాన్ నదుల దిగువ పచ్చిక మైదానాల్లో పెంచిన గుర్రాలు క్రీ.పూ. 2000కు కాస్త ముందు నుంచి నలుదిక్కులకూ పాకి, కొన్ని వందల ఏళ్లలోనే యూరప్, ఆసియాల్లోని పాత రకాలను పక్కకు నెట్టేశాయి. కజకిస్తాన్‌లోని బోతాయ్ జనం అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే గుర్రాలను పెంచారు గానీ, ఆ రక్తం మన గుర్రాల్లో దాదాపు లేదు. దానికి దగ్గరి వారసులు మంగోలియాలోని ప్రెవాల్‌స్కీ గుర్రాలు. వాటికి క్రోమోజోములు 66, మన గుర్రాలకు 64. ప్రెవాల్‌స్కీయే అన్ని గుర్రాలకూ మూలం అని ఇప్పటికీ రాస్తుంటారు, పట్టించుకోకండి.

జాతుల గిరిగీతలు మాత్రం కొత్తవి. స్టడ్ బుక్, అంటే ఏ పిల్ల ఎవరికి పుట్టిందో రాసిపెట్టే పుస్తకం, వచ్చాకే బయటి రక్తాన్ని చేర్చుకోని ‘మూసిన జాతి’ అన్న పద్ధతి వచ్చింది. ఇంగ్లండ్‌లో రేసు గుర్రాల జాతి అయిన థరోబ్రెడ్ జనరల్ స్టడ్ బుక్ తొలిసారి 1791లో అచ్చయింది. మగ వరసలో పైకి వెళితే ప్రతి థరోబ్రెడ్ కూడా మూడు స్టాలియన్లలో ఒకదాని దగ్గర ఆగుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. ఇందులోనూ డార్లీ అరేబియన్ వాటా మిగతా రెంటినీ మింగేసింది. 1764లో పుట్టిన దాని మునిమనవడి కొడుకు ఎక్లిప్స్ ద్వారా నేటి రేసు గుర్రాల్లో నూటికి 90కి పైగా ఆ మగ వరసకే చెందుతాయి.

దీన్ని చూసి ‘థరోబ్రెడ్ అంటే సగం అరేబియనే’ అనుకోవడం మామూలు పొరపాటు. మగ వరస అంటే తండ్రి, తండ్రికి తండ్రి అంటూ పైకి పోయే ఒక్క దారం. ఒక స్టాలియన్ ఏడాదికి పదుల కొద్దీ పిల్లలను కంటుంది, ఆడ గుర్రం ఒక్కదాన్నే ఈనుతుంది. అందుకే తండ్రి వరసలు కొద్దిపాటివే మిగిలాయి, తల్లి వరసలు లెక్కలేనన్ని ఉన్నాయి. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే వై క్రోమోజోమ్ గుర్రాలన్నిట్లో దాదాపు ఒకేలా ఉంటుంది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఒక్క జాతిలోనే నానా రకాలుగా ఉంటుంది. మొత్తం జన్యువులను పోల్చి చూసిన పరిశోధనల్లో నేటి థరోబ్రెడ్‌లో అరేబియన్ వాటా చెప్పుకోదగ్గంతగా కనబడలేదు. వై క్రోమోజోమ్ కూడా మధ్య ఆసియా తుర్కమన్ గుర్రాల వైపు చూపిస్తోంది. పేరులో ‘అరేబియన్’ ఉన్నంత మాత్రాన ఆ స్టాలియన్ ఈనాటి అర్థంలో అరేబియన్ కానక్కర్లేదు. తూర్పు నుంచి ఏ గుర్రం వచ్చినా ఆనాటి ఇంగ్లిషువాళ్లు టర్క్ అనో అరబ్ అనో బార్బ్ అనో పిలిచేసేవారు.

మిగతా జాతుల సంగతి ఇంత లోతుగా అక్కర్లేదు. అమెరికా క్వార్టర్ హార్స్, స్టాండర్డ్‌బ్రెడ్‌ల వెనక థరోబ్రెడ్ రక్తం గట్టిగా ఉంది. అమెరికా మస్టాంగ్, అర్జెంటీనా క్రియోల్యోలు స్పెయిన్ వాళ్లు పడవల్లో తెచ్చిన గుర్రాల సంతతి. జర్మనీ హానోవేరియన్ లాంటి వార్మ్‌బ్లడ్ అనే సవారీ జాతులది తెరిచిన పుస్తకం: పరీక్షలో నెగ్గిన బయటి జాతి స్టాలియన్‌నూ ఒప్పుకుంటారు, కాబట్టి హానోవేరియన్ కాగితంలో థరోబ్రెడ్ తాత కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. థరోబ్రెడ్ కాగితంలో హానోవేరియన్ కనిపిస్తే మాత్రం ఆ కాగితం దొంగదే.

మన దేశంలో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన వాటిలో మార్వాడీ, కఠియావాడీ, కచ్ఛీ-సింధీ, మణిపురి, భూటియా, స్పితి, జాంస్కరీ, మహారాష్ట్ర భీమ్‌థడి ఉన్నాయి. స్పితి, జాంస్కరీ, భూటియాలు హిమాలయాల కొండ తట్టువలు. మార్వాడీ, కఠియావాడీ, కచ్ఛీ-సింధీలు ఎడారి, మెట్ట నేలల గుర్రాలు. చెవుల వంపు ఈ మూడింటి ఇంటి గుర్తు. 2014లో మార్వాడీ జీనోమ్ మొత్తం చదివినవాళ్లు స్థానిక తట్టువలకూ అరేబియన్‌కూ పుట్టిన కలయికగా దాన్ని వివరించారు. భీమ్‌థడి మన దక్కను గుర్రం. పుణె, సోలాపుర్, సతారా వైపు ధన్‌గర్ కాపర్లు సామాను మోయించుకుంటూ నిలబెట్టిన రకం. తెలుగు నేలకు దీనికంటే దగ్గరి జాతి లేదు. విజయనగర రాయలు హోర్ముజ్ నుంచి ఏడాదికి 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంకె ఎంత నమ్మదగినదైనా కాకపోయినా, సముద్రం మీదుగా అన్ని వందల ఏళ్లు గుర్రాలు దిగిన దక్కనులో ‘కల్తీ లేని పాత రక్తం’ అనేవాణ్ణి ఓ కంట కనిపెట్టి ఉండటమే మంచిది.

కాగితం ఎక్కడిది?

అమ్మేవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ‘రిజిస్ట్రేషన్ నంబరెంత, ఏ సంస్థది?’ అన్నది. ఒక్కో జాతికి ఒక్కో సంస్థ ఉంటుంది. థరోబ్రెడ్ అయితే పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా. మలక్‌పేట రేసుల నుంచి రిటైరై రైడింగ్ స్కూళ్లకు వచ్చే గుర్రాలన్నిటికీ అక్కడ లెక్క ఉంటుంది, పాస్‌పోర్టు, అంటే గుర్రం గుర్తింపు పుస్తకం, గుర్రంతో పాటే చేతులు మారాలి. మార్వాడీకి 2009లో మొదలైన రిజిస్ట్రేషన్ ఉంది: జాతి లక్షణాలతో గుర్రాన్ని పోల్చి, కొలతలు, గుర్తులు రాసుకుని, నంబరును కాల్చకుండా, బాగా చల్లబరిచిన ముద్రతో ఒంటి మీద వేసి, ఫొటో తీస్తారు. కఠియావాడీకి పెంపకందారుల సంఘం రిజిస్టరు ఉంది, జునాగఢ్‌లో గుజరాత్ ప్రభుత్వ మంద ఉంది. సంస్థ ముద్ర లేకుండా ఫామ్ యజమాని సొంత లెటర్‌హెడ్ మీద ఇచ్చే ‘పెడిగ్రీ సర్టిఫికెట్’ను ఆయన నోటిమాటగానే తీసుకోండి. అది అబద్ధమని కాదు, దాని వెనక తనిఖీ లేదని.

కాగితం చేతికొచ్చాక తేదీలు చూడండి. గుర్రం చూడి సుమారు 340 రోజులు. 320 నుంచి 365 దాకా మామూలే. మార్చి 10న దాటించినట్టు, అంటే స్టాలియన్‌తో జతకట్టించినట్టు, రాసి ఉంటే ఫిబ్రవరి 13 అటూ ఇటూగా పిల్ల పుట్టాలి. అదే కాగితంలో నవంబరులో ఈనిందని ఉంటే ఒకటి తప్పు తేదీ, లేదా తండ్రి వేరు. ఒకే సీజన్లో తల్లిని రెండు స్టాలియన్లకు దాటించి ఉంటే, రెండు దాటింపుల మధ్య నాలుగు వారాలకు మించిన ఎడం లేకపోతే తేదీలు ఏమీ తేల్చలేవు. అక్కడ వెంట్రుకలే దిక్కు. థరోబ్రెడ్‌కు ఇంకో సులువైన పరీక్ష ఉంది: కృత్రిమ గర్భధారణతో పుట్టిన పిల్లను ప్రపంచంలో ఏ థరోబ్రెడ్ స్టడ్ బుక్కూ చేర్చుకోదు. ‘విదేశీ సెమెన్‌తో పుట్టిన థరోబ్రెడ్’ అని ఎవరైనా అంటే, ఆ మాటతోనే అది రిజిస్టరు కాదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

పేర్లను నమ్మకండి, నంబర్లను నమ్మండి. బాద్‌షా, రాజ్, మోతీ అన్న పేర్లతో స్టాలియన్లు ఊరికొకటి ఉంటాయి. పేరున్న దాని పిల్ల అని చెప్పి వీధిలోని అదే పేరు గుర్రం పిల్లను అంటగట్టడం తేలిక. రేసు గుర్రాల్లోనూ ఒకే పేరు వేర్వేరు దేశాల్లో ఉంటుంది, కాబట్టి పేరు పక్కన పుట్టిన దేశం, సంవత్సరం రెండూ కలిపి చూడాలి. రేసు భాషలో ఇంకో తిరకాసు ఉంది: హాఫ్ బ్రదర్ అంటే తల్లి ఒకటే అని అర్థం. తండ్రి మాత్రమే ఒకటైతే ఆ మాట వాడరు, ఎందుకంటే ఆ లెక్కన వందలాది గుర్రాలు అన్నదమ్ములవుతాయి. ‘ఫలానా డెర్బీ విజేతకు హాఫ్ బ్రదర్’ అన్నప్పుడు తల్లి పేరు అడగండి.

కాగితం ఈ గుర్రానిదేనా?

ఎక్కువ మోసాలు ఇక్కడే జరుగుతాయి. కాగితం నిజమైనదే, గుర్రం వేరు. చచ్చిపోయిన గుర్రం పాస్‌పోర్టుతో అదే రంగు గుర్రాన్ని అమ్మేస్తారు. దీనికి పావుగంట పని, ఒక టార్చి, ఒక చిప్ రీడర్ చాలు.

గుర్తింపు నంబరుండే చిన్న ఎలక్ట్రానిక్ చిప్‌ను సాధారణంగా మెడ ఎడమ పక్క, నడినెత్తికీ మూపుకూ సరిగ్గా సగం దూరంలో, జూలు మొదలయ్యే గీతకు కాస్త కింద ఎక్కిస్తారు. రీడర్‌ను ఒంటికి ఆనించి నెమ్మదిగా ఎనిమిది ఆకారంలో తిప్పాలి. ఎడమ వైపు దొరక్కపోతే కుడి వైపు కూడా చూడాలి. 15 అంకెల నంబరు వస్తుంది. దాన్ని అమ్మేవాడి చేత చదివించుకోకుండా మీరే కాగితంతో పోల్చండి, చివరి నాలుగే కాదు, అన్ని అంకెలూ. రెండు చిప్‌లు దొరికితే బేరం అక్కడే ఆపి సంస్థకు ఫోన్ చేయండి.

తర్వాత సుడులు. మన దగ్గర సుడి చూసి గుర్రం ధర పెంచడం, తగ్గించడం పాత అలవాటు. ఏ సుడి యజమానికి మంచిది, ఏది కీడు అని ఓ శాస్త్రమే ఉంది. జాతి తేల్చడానికి సుడి పనికిరాదు. కానీ ఈ గుర్రం అదేనా అని తేల్చడానికి దానికి మించిన గుర్తు లేదు, ఎందుకంటే పుట్టిన రోజు ఎక్కడుందో చచ్చేదాకా అక్కడే ఉంటుంది, రంగు వేసినా మారదు. పాస్‌పోర్టు బొమ్మలో సుడి ఉన్న చోట గుణకారం గుర్తు వేస్తారు. నుదుటి సుడి రెండు కళ్లను కలిపే గీతకు పైనా, కిందా, సరిగ్గా మీదా? ఒకటేనా, రెండా? మెడకు రెండు పక్కలా జూలు కింద ఎన్ని? వెంట్రుకలు తడిపి వేలితో రాస్తే స్పష్టంగా కనబడతాయి. నాలుగు కాళ్లకూ లోపలి వైపు ఉండే కొమ్ములాంటి గట్టి బొడిపెల ఆకారం కూడా గుర్రానికో తీరుగా ఉంటుంది. తెల్ల మచ్చే లేని గుర్రానికి ఇది బాగా పనికొస్తుంది.

పళ్లు వయసు చెబుతాయి, వయసు కాగితాన్ని పట్టిస్తుంది. ముందు పళ్లలో మధ్య జత రెండున్నరేళ్లకు, పక్క జత మూడున్నరకు, చివరి జత నాలుగున్నరకు మారతాయి. అయిదేళ్లకు నోరు నిండుతుంది. ఆ తర్వాత పైదవడ ముందు పళ్లలో చివరి పంటి మీద నిలువు గాడి చూడండి: సుమారు 10 ఏళ్లకు చిగురు దగ్గర మొదలై, 15కు సగం దిగి, 20కి పంటి కొసకు చేరుతుంది. అయిదేళ్లలోపు అయితే ఆర్నెల్ల తేడాతో చెప్పొచ్చు, పదేళ్లు దాటాక రెండు మూడేళ్లు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి కాగితంలో 12, పళ్లలో 14 అనిపిస్తే గొడవ పడకండి. కాగితంలో 6 ఉండి గాడి సగం దిగి ఉంటే కాగితం వేరే గుర్రానిది. థరోబ్రెడ్ వయసు పుట్టినరోజుతో కాక జనవరి 1తో మారుతుందని గుర్తుంచుకోండి.

రంగుతో అబద్ధం పట్టుకోవడం

డీఎన్ఏ పరీక్షకు డబ్బు పెట్టే ముందు తల్లిదండ్రుల రంగులు అడగండి. ఖర్చు లేని ఈ పరీక్ష చాలా కాగితాలను అక్కడికక్కడే కొట్టేస్తుంది.

జూలు, తోకతో సహా ఒళ్లంతా ఎర్రగా ఉండేది చెస్ట్‌నట్, సంతలో సురంగ్ అంటారు. ఒళ్లు ఎర్రగా ఉండి జూలు, తోక, మోకాళ్ల కింద నల్లగా ఉండేది బే, అంటే కుమ్మైత్. చెస్ట్‌నట్ తల్లికీ చెస్ట్‌నట్ తండ్రికీ కుమ్మైత్ పిల్ల గానీ, నల్ల పిల్ల గానీ పుట్టదు. నిజమైన నలుపు రెంటికీ కుమ్మైత్ పుట్టదు. ఇక్కడ మాత్రం ముదురు గోధుమ రంగును నలుపని రాసే అలవాటు ఉంది కాబట్టి మూతి, డొక్కల దగ్గర గోధుమ ఛాయ చూసి గానీ తీర్పు చెప్పకండి. వయసుతో తెల్లబడే గ్రే, మన సంతల్లో సబ్జా, ఉండాలంటే తల్లీతండ్రుల్లో ఒకటైనా గ్రే అయి తీరాలి. వీపు మీదుగా అటూ ఇటూ దిగే పెద్ద తెల్ల మచ్చల టోబియానోకూ అంతే. నీలికళ్లతో మీగడ రంగులో పుట్టే పిల్లకు ఆ రంగును వెలవెలబార్చే జన్యువు ఇద్దరి నుంచీ రావాలి, కాబట్టి తల్లో తండ్రో మామూలు చెస్ట్‌నట్ అని కాగితంలో ఉంటే అది అబద్ధం. కఠియావాడీల్లో ఎక్కువగా కనిపించే వెలిసిన మట్టి రంగు, వీపు నడుమ నల్ల గీత, కాళ్ల మీద అడ్డ చారలు కూడా కనీసం ఒకరి నుంచి వచ్చి ఉండాలి. గీత ఒక్కటే ఉండి ఒంటి రంగు వెలిసినట్టు లేకపోతే లెక్కలోకి రాదు.

గ్రేతో చిక్కేమిటంటే అది మిగతా రంగులన్నిటినీ కప్పేస్తుంది. తెల్లబడిపోయిన గ్రే తండ్రి లోపల కుమ్మైతో చెస్ట్‌నటో కంటికి తెలియదు, దాని మీద పైన చెప్పిన లెక్కలు నడవవు. పుట్టినప్పటి రంగు కాగితంలో ఉందేమో చూడాలి.

పెళ్లి ఊరేగింపుల కోసం హైదరాబాద్‌కు వచ్చే తెల్ల గుర్రాలను ‘నుక్రా మార్వాడీ’ అని అమ్ముతారు. మూతి, కనురెప్పల దగ్గర చర్మం చూడండి. నల్లగా ఉంటే అది ముదురు రంగులో పుట్టి తెల్లబడిన గ్రే. గులాబీగా ఉంటే పుట్టుకతోనే తెలుపు. నుక్రా పైన చెప్పిన జాతీయ జాబితాలో ఉన్న జాతి కాదు, ఒక రంగు రకం. తెల్లగా పుట్టినవాటిని మార్వాడీ రిజిస్టర్‌లో సాధారణంగా చేర్చుకోరు. మండుటెండలో గులాబీ చర్మం కమిలిపోతుంది, కొనేవాళ్లు ఆ సంగతీ చూసుకోవాలి.

ఇక రూపం

ఎత్తు కొలవడంతో మొదలుపెట్టండి. చదునైన సిమెంటు నేల, మట్టం గొట్టం ఉన్న అడ్డపట్టీ కర్ర కావాలి. తల మరీ ఎత్తకుండా, మరీ దించకుండా నిలబెట్టి, మూపు మీద ఎత్తైన ఎముక దగ్గర కొలవాలి. నాలుగు కాళ్లూ నిటారుగా, ముందు గిట్టలు ఒకే వరసలో ఉండాలి. లాడాలుంటే సెంటీమీటరు దాకా తగ్గించుకోండి. లెక్కలో జారే చోటు ఒకటుంది: 14.2 హ్యాండ్స్ అంటే 14 హ్యాండ్స్ 2 అంగుళాలు. హ్యాండ్‌కు 4 అంగుళాలు కాబట్టి 58 అంగుళాలు, 147 సెంటీమీటర్లు. 14.2ను నాలుగుతో గుణిస్తే 56.8 వస్తుంది, అది తప్పు. సంతలో అంగుళాల్లోనే చెబుతారు, కాగితంలో హ్యాండ్స్ ఉంటాయి.

మార్వాడీ మామూలుగా 152 నుంచి 163 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. కఠియావాడీ సగటు 147. పొడవు పెంచాలని చూస్తే దాని నాజూకుదనం పోతుంది. మణిపురి 11 నుంచి 13 హ్యాండ్స్ తట్టువ. మార్వాడీ పేరుతో 170 సెంటీమీటర్ల గుర్రం చూపిస్తే థరోబ్రెడ్ కలిసిందేమో అడగాలి. ఈమధ్య ఎత్తుకు రేటు పలుకుతోంది కాబట్టి ఆ కలయిక జరుగుతూనే ఉంది. పొడుగాటి కాళ్లు, సన్నని పిక్క ఎముక, ఏటవాలు భుజం వచ్చి, చెవుల వంపు సగమే మిగలడం దాని ఆనవాళ్లు.

చెవులను గుర్రం ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒకసారి, ముందు ఏదైనా చప్పుడు చేసి చెవులు నిక్కబెట్టినప్పుడు ఒకసారి చూడండి. కఠియావాడీ చెవులు బాగా లోపలికి తిరిగి కొనలు కలుస్తాయి, నుదురు వెడల్పు, ముఖం పొట్టిగా కాస్త లోపలికి నొక్కినట్టుంటుంది. మార్వాడీ ముఖం పొడుగు, ముక్కు తిన్నగానో కాస్త ఉబ్బుగానో ఉంటుంది. కచ్ఛీ-సింధీకి ముక్కు ఉబ్బు స్పష్టం, చెవులు వంపు తిరిగినా కొనలు తాకవు, వీపు పొట్టి. ఈ మూడూ తరతరాలుగా ఇచ్చిపుచ్చుకున్న ఇరుగుపొరుగు జాతులు. ఒక్క గుర్రాన్ని విడిగా చూసి నూటికి నూరుపాళ్లు చెప్పగలిగినవాళ్లు తక్కువ, చెప్పేశామనేవాళ్లు చాలా ఎక్కువ.

నడకను సెల్‌ఫోన్ స్లో మోషన్‌లో పక్క నుంచి తీయండి. దుడుకు నడకలో (ట్రాట్) ముందు కుడి, వెనక ఎడమ కాళ్లు కలిసి లేస్తాయి, రౌతు ఎగిరెగిరి పడతాడు. రేవాల్ నడకలో కాళ్లు విడివిడిగా పడతాయి, రౌతు తల దాదాపు కదలదు. రేవాల్ మార్వాడీకీ కచ్ఛీ-సింధీకీ పేరు తెచ్చిన నడకే. కాకపోతే నేర్పించి రాబట్టేవాళ్లూ ఉన్నారు, పుట్టుకతో వచ్చినా నేర్పకపోతే చూపనివీ ఉన్నాయి. జాతికి ఇది సాక్ష్యంగా నిలవదు, ధరకు నిలుస్తుంది.

వంశవృక్షం చదవడం

అయిదు తరాల పట్టికలో 62 పేర్లుంటాయి. తండ్రి వైపు పై సగం, తల్లి వైపు కింది సగం. పై అంచు వెంట పోతే మగ వరస, కింది అంచు వెంట పోతే తల్లి వరస. అమ్మకాల పుస్తకాలు ఈ రెండు అంచుల గురించే గొప్పలు చెబుతాయి. అయిదో తరంలో ఒక్కో పేరు వాటా సగటున 32లో ఒకటి, అంటే 3 శాతం చిల్లర. పదో తరం అయితే 1024లో ఒకటి. అరేబియన్లలో కుహైలాన్, సక్లావీ లాంటి తెగ పేర్లు తల్లి వరస మీదే నడుస్తాయి. రెండు గుర్రాలదీ ఒకే తెగ అయినా ఎక్కడో దూరాన ఒక తల్లి ఒకటని తప్ప వాటి చుట్టరికం గురించి ఇంకేమీ తెలియదు.

అంచులు వదిలి, రెండు సగాల్లోనూ కనిపించే పేరు కోసం వెతకండి. ఒక నిజం గుర్రం మీద చేసి చూద్దాం. డేన్‌హిల్ అనే థరోబ్రెడ్ స్టాలియన్ తండ్రి డాన్జిగ్, డాన్జిగ్ తండ్రి నార్దర్న్ డాన్సర్, దాని తల్లి నటాల్మా: తండ్రి వైపు మూడో తరం. డేన్‌హిల్ తల్లి రజ్యానా, ఆమె తల్లి స్ప్రింగ్ అడ్యూ, ఆమె తల్లి మళ్లీ నటాల్మా: తల్లి వైపు కూడా మూడో తరం. దీన్ని 3×3 అని రాస్తారు. రెండు అంకెలూ కూడి, ఒకటి తీసేసి, అన్నిసార్లు సగం చేయండి: 3+3−1=5, ఒకటిని అయిదుసార్లు సగం చేస్తే 3.125 శాతం. ఆ పూర్వీకురాలి వల్ల వచ్చిన దగ్గరి బంధుత్వపు (ఇన్‌బ్రీడింగ్) వాటా అది. ఎనేబుల్ అనే మేటి ఆడ గుర్రం సాడ్లర్స్ వెల్స్‌కు 3×2, అంటే 6.25 శాతం. తండ్రి ఒకటైన అన్నాచెల్లెళ్ల పిల్లకు 2×2, 12.5 శాతం. రెండు వైపులా వచ్చే పేర్లు ఒకటికి మించి ఉంటే ఒక్కోదానికీ లెక్కగట్టి కూడాలి.

దేశవాళీ మందల్లో ఈ లెక్క ఇంకా ముఖ్యం. పేరు మోసిన ఒకే స్టాలియన్‌ను ఊరూరా దాటిస్తారు, కొన్నేళ్లకు దాని కొడుకునీ మనవరాలినీ తెలియకుండా కలుపుతారు. కాగితంలో రెండు తరాలే ఉంటే ఈ ముడి కనబడదు, కాబట్టి పెంపకానికి కొనేవాళ్లు కనీసం నాలుగు తరాలు అడగాలి.

వెంట్రుక ఏం చెబుతుంది, ఏం చెప్పదు

తల్లిదండ్రుల పరీక్షకు పిల్ల, తల్లి, తండ్రి ముగ్గురి వెంట్రుకలూ కావాలి. జూలు నుంచి, పిల్లకైతే తోక నుంచి, 20, 30 వెంట్రుకలు వేలికి చుట్టి చర్మానికి దగ్గరగా పట్టుకుని ఒక్క గుంజు గుంజాలి. కత్తెరతో కోస్తే దండగ. డీఎన్ఏ ఉండేది వేరులోనే. వెలుతురులో పట్టి చూస్తే కొసన చిన్న తెల్ల ఉబ్బు కనబడాలి. వేళ్లతో వేర్లు ముట్టుకోకుండా, మధ్యలో టేపు వేసి కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి బూజు వస్తుంది. కవరు మీద పేరు, చిప్ నంబరు, తేదీ వెంటనే రాయాలి. ఒక గుర్రం నుంచి ఇంకోదానికి వెళ్లే ముందు చేతులు కడగండి. తండ్రి వెంట్రుకలు మాకు పంపారంటూ అమ్మేవాడు కవరు ఇస్తే తీసుకోవద్దు. అది ఏ గుర్రానిదో ఎవరికి తెలుసు? పరీక్ష ఎక్కడ చేయించాలో తెలియకపోతే మొదట రిజిస్టరు చేసిన సంస్థను అడగండి, దాని లెక్కలకు సరిపోయే లేబొరేటరీ వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఫలితంలో ఒక్కో గుర్తుకు రెండేసి అక్షరాలుంటాయి. వీహెచ్‌ఎల్20 అన్న గుర్తు దగ్గర పిల్లది ఎల్, ఎన్ అనుకుందాం. తల్లిది ఎల్, ఎమ్ అయితే ఎల్ తల్లిది, ఎన్ తండ్రి నుంచే రావాలి. కాగితంలోని తండ్రిది ఎమ్, పి అయితే అక్కడ పొంతన కుదరలేదు. ఒక్క చోట కుదరకపోతే జన్యు మార్పు కావచ్చు, మళ్లీ పరీక్షిస్తారు. రెండు అంతకు మించిన చోట్ల కుదరకపోతే అది తండ్రి కాదు. కుదిరినా ఒక మెలిక ఉంది: అసలు తండ్రి ఈ స్టాలియన్ సొంత తమ్ముడైతే తక్కువ గుర్తులతో చేసిన పరీక్ష తేడా పట్టలేకపోవచ్చు. ఒకే ఫామ్‌లో అన్నదమ్ములుంటే ఆ సంగతి లేబొరేటరీకి ముందే చెప్పాలి.

‘మీ గుర్రం ఏ జాతి’ అని శాతాల్లో చెప్పే పరీక్షలు వేరు. అవి మీ గుర్రాన్ని తమ దగ్గరున్న జాతుల నమూనాలతో పోల్చి దగ్గరివి అచ్చేస్తాయి. ఆ నమూనాల్లో మార్వాడీ లేకపోతే మేలిరకం మార్వాడీకి కూడా అరేబియన్ అనో, తుర్క్‌మెనిస్తాన్ జాతి అఖల్-టెకే అనో వస్తుంది. మీరు అనుమానించే జాతి వాళ్ల జాబితాలో ఉందో లేదో ముందే అడగండి, లేకపోతే డబ్బు కట్టకండి. తల్లి వరస మైటోకాండ్రియా పరీక్ష జాతి తేల్చడానికి అసలు పనికిరాదు, ఒకే రకం పది జాతుల్లో ఉంటుంది.

అన్నీ సరిపోయాక రసీదులో ‘మార్వాడీ గుర్రం’ అని ఒక్క ముక్క రాయించుకుని వదిలేయకండి. రిజిస్ట్రేషన్ నంబరు, 15 అంకెల చిప్ నంబరు, సుడుల స్థానం, తల్లిదండ్రుల నంబర్లు, డీఎన్ఏ ఫలితం ఇంకా రాకపోతే, అది వచ్చాక తేడా ఉంటే డబ్బు తిరిగిస్తానన్న షరతు, గ్లాండర్స్ పరీక్ష రిపోర్టు తేదీ అన్నీ ఉండాలి. గ్లాండర్స్ మనుషులకూ సోకే జబ్బు, జాతి ఎంత గొప్పదైనా ఆ రిపోర్టు లేకుండా గుర్రాన్ని మీ కొట్టంలోకి తేవద్దు. సంస్థ రికార్డుల్లో యజమాని పేరు మార్పు కోసం దరఖాస్తు మీద అమ్మేవాడి సంతకం అక్కడే పెట్టించుకోండి. అది పెట్టించుకోని గుర్రానికి రేపు పిల్ల పుడితే, మీ దగ్గరున్న తల్లికి కాగితంలో యజమాని ఇంకొకరు, ఆ పిల్లను రిజిస్టరు చేయించుకోవడానికి మళ్లీ ఆయన వెంటపడాలి.